మరిడమ్మ కొట్టిన డాబా

కూకో తల్లీ, కూకో. గోడవార కాదు, హాలు మద్దిలో ఏసిన కుర్చీ నీకోసవే. ఆఁ, అలగ. కాగితాలు ఆ బల్లమీద ఎట్టు. ఆ పచ్చ టోపీ... ఉంచుకో, నానేటీ అన్ను, ఇంజినీర్లు ఎట్టుకుంటారు కావాల. ఫేను తిరగదు, తిత్లీ తుపానుకి తీగలు తెగిపోయి మూడు నెల్లయినాది, ఇయ్యాలా రేపూ అంటన్నారు. అయినా ఈ బంగ్లాకి ఫేనెందుకేటి? సూడా తలుపులు, ఒక్కోటీ రెండు మనుసుల ఎత్తు, సముద్రం గాలి ఇటొచ్చి అటెల్లిపోతాది. నువ్వు మా బెన్హర్ మేష్టారి మనవరాలివి కదా, రూబీవి? నీకు బాప్తీసం ఇచ్చిన్నాడు ఈ అరుగుమీదే ఏడిసినావు, ఊరంతా ఇనపడీలాగ. ఇప్పుడు ఇంజినీరైపోయి బంగ్లా అమ్మకానికి కాగితం రాయడానికొచ్చినావు. నాను ఎలీషాని, ఏభయ్యారేళ్ళు ఈ బంగ్లాకి కాపలావోణ్ణి, నాను గాకపోతే నీకు ఎవరు సెప్తారు ఈ ముచ్చట.

నిన్న నువ్వు రాసింది సూసినాను. ఓ పక్క తెలుగులో కూడా రాసినావు, మంచి పని సేసినావు, ముసిలోడికి కళ్ళజోడుంటే సాలు సదూకోడానికి. ‘పద్దెనిమిది వందల ఎనభై ఏడులో కట్టిన బంగ్లా. బర్మా టేకు దూలాలు. రంగుటద్దాల కిటికీలు. చుట్టూ వరండా. హాల్లో చలిమంట పొయ్యి.’ నవ్వొచ్చినాది ఆ పొయ్యి దగ్గర. ఎవుడో దొర, తనూళ్ళో సలని ఈ ఊళ్ళో కూడా సలేస్తాదనుకున్నాడు. సముద్రం ఒడ్డున, టెక్కలి ఎండల్లో, పొయ్యెట్టుకుని కూకుంటాడట! కట్టిన కాడ్నించీ అందులో ఒక్క పుల్ల ఎలగనేదు. నా పెల్లాం ఉన్నన్నాళ్ళూ కోడిపెట్టని పొదిగేసీది అందులో, పన్నెండు గుడ్లెడితే పన్నెండు పిల్లలు. అదీ రాయి కావలిస్తే. సరే, ‘బాగు చేసుకున్నచో నివాసమునకైనా ఆసుపత్రికైనా పనికి వచ్చును’ అన్నావు, అంతవరకూ బాగున్నాది. ఆ కింద రాసినావు సూడు, ‘పైకప్పు కారుచున్నది, తీసివేయవలెను’ అనీసి. ఆ ఒక్క ముక్కకి నాకు రాత్రి కూడు దిగనేదు తల్లీ. ఎందుకంటావేటి? ఆదోరం గుడయ్యాక మన మిషను కమిటీ కూకుంటాది. కొంటావన్నోళ్ళు ఇద్దరు. సికాకులం ఆయన బంగ్లా మొత్తం పడగొట్టి పెళ్ళిళ్ళ హాలు కడతాడట. పాతపట్నం డాక్టరమ్మ తాయారు గారు ఉన్నదున్నట్టు ఉంచి పురుళ్ళాసుపత్రి ఎడతానంది. ఆవిడ అడిగింది ఒక్కటే, ‘కప్పు బాగుందా? కప్పు తియ్యాలంటే మాత్రం నా వల్ల కాదు’ అని. అంచేత నీ కాగితంలో ఆ ముక్కుంటే బంగ్లా నేదింక. మెట్లు తుప్పట్టినాయని నువ్వు పైకెక్కనేదు, కిందనించే గోడమీద మరక సూసి రాసీసినావు. తప్పు నీది కాదు. ఆ మరక సంగతి తరవాత సెప్తాను. ముందు ఆ కప్పు ఎవులు కొట్టినారో ఇను.

మరిడమ్మని. నీకు తెలీదు, మీ నాన్నకే తెలీదు. రేవులో ఎర్రన్న అని ఒక ఓడబలిజి ఉండీవోడు, పడవ మీదెల్లి మరి రానేదు. ఆడి పెల్లాం ఈవిడ. ఇద్దరాడపిల్లలు. సేపలమ్ముకుని బతకమన్నారందరూ. ఈవిడేటి సేసినాదంటే, ఒడ్డుమీద గుల్లలు ఏరి, బట్టీ ఎట్టి, సున్నం కాల్సీది. గుల్ల సున్నం. మనిషి ఇంతే, నీ బుజం కాడికొస్తాది, నోరు మాత్రం రేవు నించి టెక్కలి దాకా. ఎవుణ్ణైనా ‘బావూ’ అంటాది, అన్నాక తిట్టడం మొదలెడతాది. అరవై రెండులో నాను కొత్తగా పన్లో సేరినాను. ఆఖరి మిషను దొరసాని ఎల్లిపోయిన ఏడాదే, ఈ హాలంతా కారడం మొదలెట్టినాది. గిన్నెలెట్టీవోళ్ళం, పదకొండు గిన్నెలు. అప్పుడే సిమెంటు బస్తాలు దిగుతన్నాయి ఊళ్ళోకి. కంట్రాక్టరు సోములని టెక్కలాయన, తెల్ల పంచి, తెల్ల లాల్చీ, మడత నలగదు, వొచ్చి ఇక్కడే నిలబడి, ‘ఈ గుల్లసున్నం కాలం పోయింది, కప్పంతా కూలదోసి సిమెంటు స్లాబు వేద్దాం’ అన్నాడు. పెద్దలంతా బుర్రలూపినారు. ఈవిడ ఆ గుమ్మం కాడ సున్నం గంప దించుతాంది. అక్కడ్నించే, ‘ఏటి బావూ, కాలం పోనాదా? నా సేతులు పోనాయా? నాకు పదహారుమంది ఆడోళ్ళనియ్యి, అదే కప్పు మళ్ళీ కొడతాను. మీద బిందెల్తో నీళ్ళు పోయించి నిన్ను కింద కూకోబెడతాను. నీ పంచిమీద ఒక్క సుక్క పడితే నా బట్టీ పీకీసి సముద్రంలో కలిపీ’ అన్నాది. బట్టీయే ఆవిడి అన్నం తల్లీ. అదే పందెం ఒడ్డీసినాది. సోములు నవ్వినాడు. మన జ్ఞానసుందరమ్మ గారు, హాస్టలు మేట్రన్, ఆవిడ మాత్రం నవ్వనేదు. ‘కొట్టనీండి. పోయేదేవుంది, పదకొండు గిన్నెలున్నాయి గదా’ అన్నాది.

ఎలా కొడతారో తెలుసా? మీ కాలేజీలో సెప్పినారా? సెప్పరు. పాత పైపూత గీకీసి, సున్నం, ఇటికి ముక్కలు కలిపి జానెడు మందం పరిసి, పదహారుమంది ఆడోళ్ళు ఎదురెదురుగా బాసింపట్టేసుక్కూకుని సెక్కల్తో కొట్టాల. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు సల్లుతా కొట్టాల. ఎనిమిదిమంది రేవోళ్ళు, ఎనిమిదిమంది మన మిషను కాంపౌండోళ్ళు. రేవోళ్ళు వల లాగీ పాట ఎత్తుకునీవోళ్ళు, ‘హైలెస్సా’ అంటే పదహారు సెక్కలు ఒక్కసారి పడీవి. ఒకటో రోజు మెత్తగా ‘దబ్బు దబ్బు’ మంటాది. రోజులెల్లీ కొద్దీ సప్పుడు మారతాది. ఆఖర్న సెక్క ఎగిరి ఎనక్కి రావాల, కంచుమీద కొట్టినట్టు మోగాల, అప్పుడాపాల. మద్దిలో ఆపితే ఆపిన కాడ బీట. సోమవారం మొదలెట్టినారు, శనోరానికి అయిపోవాల. బేస్తారం నాడు జల్లు పడినాది. తాటాకులు కప్పి ఒకటిన్నర రోజు కూకున్నారు. దాంతో లెక్క ఆదోరానికొచ్చి పడినాది.

నీకు తెలుసు గదా, అప్పటి కాంపౌండులో ఆదోరవంటే ఏటో. ఇప్పట్లాగ కాదు. శనోరవే నీళ్ళు తోడీసుకోవాల, కట్టెలు కొట్టీసుకోవాల, పప్పు కూడా ముందు రోజే ఏరీసుకోవాల. పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారు అలాంటి మనిషి. శనోరం సందేళ వొచ్చి నిచ్చెన కింద నిలబడి, ‘మరిడమ్మా, రేపు విశ్రాంతి దినం. మా ఆవరణలో పని జరగరాదు. సోమవారం కొట్టుకో’ అన్నాడు. పైనించి ఈవిడ, ‘అయ్యగారూ, మీకు తెల్సు, నాకు తెల్సు, సున్నానికి ఆదోరం తెలీదు బావూ. రేపు కొట్టకపోతే ఎల్లుండికి బిగిసిపోతాది, ఇంక దేవుడొచ్చి కొట్టినా బీటలే’ అన్నాది. ‘దేవుని పేరు అలా తియ్యకు’ అన్నాడాయన. సోములు అరుగుమీద కూకుని గోళ్ళు సూసుకుంటన్నాడు, సంబరం దాసుకోనేక. ఆ సందేళ మరిడమ్మ దిగొచ్చి, ఇదిగో ఈ గుమ్మం మీద కూలబడి, సెక్క ఒళ్ళోనెట్టుకుని ఏడిసినాది. అంత నోరున్న మనిషి సప్పుడు నేకుండా ఏడిసినాది.

ఆదోరం తెల్లారినాది. గుడి గంట కొట్టబోతన్నాను. సూద్దును గదా, జ్ఞానసుందరమ్మ గారు తెల్లసీర కట్టుకుని, సంకలో పాటల పుస్తకం ఎట్టుకుని, నిచ్చెనెక్కుతంది! యాభై ఏళ్ళ మనిషి, లావాటి మనిషి, నిచ్చెన కిర్రుమంటంది, నాను కింద పట్టుకున్నాను. ఆవిడెనకాల కాంపౌండోళ్ళు ఎనిమిదిమంది. రేవోళ్ళు అప్పటికే పైనున్నారు. ఆవిడ మద్దిలో నిలబడి స్తోత్రగీతం ఎత్తుకున్నాది. ఎత్తుకున్నదేదో గుళ్ళో ఎత్తుకున్నట్టు నీరసంగా కాదు, వల లాగీ వరసలో! పదహారు సెక్కలు ‘ధన్’! మళ్ళీ పాట, మళ్ళీ ‘ధన్’! మరిడమ్మకి ఒక్క ముక్క రాదు ఆ పాటలో, అయినా అందరికన్నా పెద్దగా పాడతాంది. అయ్యగారు పరిగెత్తుకొచ్చినాడు. ‘ఏమిటమ్మా ఇది? పనా, ఆరాధనా?’ ‘ఆరాధనే అయ్యగారూ. తాళం వేస్తున్నాం.’ ‘ఇంత తాళమా!’ ‘దేవుడు చాలా పైనున్నాడు గదండీ, వినపడాలి.’ రేవోళ్ళు పకపకా నవ్వీసినారు. ఆయన సేతిలో బైబులు, ఎర్రబడిన మొకం. జనం గుళ్ళోకెల్లడం మానీసి అందరూ ఇక్కడే ముంగిట్లో కూలబడిపోతన్నారు. అప్పుడాయన ఏటి సేసినాడనుకున్నావు? సెప్పులిడిసినాడు. నిచ్చెన మీద మూడు మెట్లెక్కినాడు. అక్కడే నిలబడి వాక్యం సెప్పడం మొదలెట్టినాడు! ఆయనో మాటనడం, పైన ‘ధన్’. ఇంకో మాట, ‘ధన్’. కింద జనం ‘ఆమేన్’. నా జన్మలో అలాంటి ఆరాధన మళ్ళీ సూడనేదు. మజ్జానం మూడింటికి సెక్క ఎగిరి ఎనక్కొచ్చినాది. ‘ఖంగ్’ మన్నాది తల్లీ, ‘ఖంగ్’ మని. మరిడమ్మ పాటాపీసి, అయ్యగారూ దిగండి అయిపోనాది, అన్నాది.

పది రోజులు గడ్డి కప్పి తడిపినారు. తరవాత సోములికి కబురెట్టినాది. ఈ హాలు మద్దికి సరీగ్గా పైన, నాలుగేపులా మట్టికట్ట ఏసి, నూతి కాడ్నించి ఆడోళ్ళు వరస కట్టి బిందెలందించినారు. నలభై బిందెలు. కింద కుర్చీ. సోములు వొచ్చినాడు, పంచి మడత నలగకుండా కూకున్నాడు, కూకుని... గొడుగిప్పినాడు! ఇంట్లో! నల్ల గొడుగు! ఊరంతా ఆ కిటికీల్లోంచి తొంగిసూస్తన్నాది. పొద్దుట తొమ్మిది నించి సందేళ నాలుగు దాకా. భోజనం కూడా ఆ గొడుగు కిందే సేసినాడు. మరిడమ్మ ఎదర కింద కూకుని ఆడి మొకవే సూస్తన్నాది. నాలుక్కి లెగిసి, ‘గొడుగు ముడుసుకో బావూ, ఎండ నేదు’ అన్నాది. అంతే. ఓరి బాబో, ఈలలు! రేవు కుర్రోళ్ళు ఆవిణ్ణి బుజాలమీదెత్తుకుని రేవు దాకా తీసుకెల్లినారు. మొగోళ్ళు పెద్ద సేపలేసినప్పుడు ఎత్తుకుంటారు గానీ, ఒకాడమనిషిని అలా ఎత్తుకోడం అదే సూడ్డం. అప్పట్నించి ఇటు పాతపట్నం నించి అటు శృంగవరపుకోట దాకా ఏ పాత బంగ్లా కారినా మరిడమ్మకే కబురు. సోములే బండి పంపీవోడు! పందొమ్మిదొందల డెబ్భైతొమ్మిదిలో పోయినాది. బట్టీ ఎలుగుతుండగానే పోయినాది. నాకు రక్తసంబంధం కాదు, మతం కాదు, కులం కాదు. అయినా తల్లీ, మా యమ్మ పోయిన్నాడు ఎంత ఏడిసినానో అంత ఏడిసినాను.

ఆఁ, మరక. సెప్తానన్నాను గదా. ఎనభై ఆరులో కమిటీలో నన్ను కూడా ఏసినారు. గోడలు పెచ్చులూడుతన్నాయని నానే, ఈ ఎలీషానే, సిమెంటు పూత ఏయించినాను. మంచి పని సేస్తన్నానే అనుకున్నాను. సున్నం గోడకి ఊపిరాడాల, సిమెంటేసి దాని మొకం మూసీసినాను. నేలలోని సెమ్మ ఎటూ ఎల్లనేక గోడలోంచే పైకి పాకతాది. అదీ నువ్వు సూసిన మరక. కిందనించి పైకెల్లినాది గానీ పైనించి కిందకి రానేదు. నీ గోరుతో గీకు, పూత పెళపెళా రాల్తాది. సూసినావా? మరిడమ్మ బతికుంటే నన్ను ఎన్ని బావూలు అనీదో. ఆ తప్పు నా మీదెయ్యి, కాగితంలో నా పేరెట్టి రాయి, పర్లేదు. ఆవిడి కప్పుమీద మాత్రం ఎయ్యొద్దు.

ఏటి సూస్తన్నావు పైకి? లెగకు, లెగకు, కూకో. నువ్వొచ్చి ఎంతసేపయినాది? గంటన్నర? నిన్న సందేళ నువ్వెల్లినాక మరిడమ్మ మనవరాలు గౌరి, దాని కోడలు నిచ్చెనేసుకుని పైకెక్కినారు. కూతురి కూతురు, రేవులో సేపలమ్ముతాది. నీ కుర్చీకి సరీగ్గా పైన మట్టికట్ట ఏసి నలభై బిందెలు పోసినారు. అవును తల్లీ, నిన్న సందేళ నించి. నువ్వు కూకున్నంతసేపూ నీ నెత్తిమీద నలభై బిందెల నీళ్ళున్నాయి. నీ కాగితాలు తడిసినాయేటి? నీ బుజమ్మీద ఒక్క సుక్క పడినాదా? తిత్లీ తుపానులో కూడా పడనేదు, నానిక్కడే పడుకున్నాను, ఎవులికి సెప్పినా నమ్మరు. ఇప్పుడు నువ్వు నమ్ము. టోపీ తీసీ తల్లీ. ఆఁ, తీసి ఆ బల్లమీదెట్టు. మా అమ్మే. పెన్ను తీసినావా? కొట్టీ, ఆ ముక్క పూర్తిగా కొట్టీ, కనపడకుండా. ఇప్పుడు రాయి, ‘పైకప్పు బాగున్నది’ అని. ఎవులు కట్టినారని కూడా రాయి. మరిడమ్మ. రేవు మరిడమ్మ. కాగితాల్లో అలాంటివి రాయరా? దొర పేరు గుమ్మం మీద సెక్కుకున్నాడు గదా, ఈవిడి పేరు కాగితమ్మీద రాస్తే ఏటి పోతాది? ...రాసినావా? సదువు. పెద్దగా సదువు, గౌరి పైనుంది, ఇనాల. ...మళ్ళీ సదువు. ...ఒలే గౌరీ! ఇన్నావా? కట్ట తెంచీయే, నీళ్ళు ఒగ్గీ!

...ఇను. గొట్టంలోంచి దిగుతన్నాయి. ఇను.

సరే గానీ, వంజరం పులుసు తెచ్చినాది గౌరి. కారం తింటావా, తినవా?