మూఢంలో మూసిన షట్టర్

పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు షట్టర్ వెనక పెట్టి తాళం వేసిన మనిషి ఫిర్యాదు ఇచ్చింది. ఎవరివి వాళ్లకు అందించిన నేను దొంగనయ్యాను. ఎస్.ఐ. మేడం, ముందు ఈ మాట రాయించండి, నా పేరు తర్వాత చెప్తాను అన్నాను. రాశారు. ఇప్పుడు చెప్తున్నాను.

నా పేరు గాజుల రోజా. తండ్రి పేరు రామచంద్రం. వయస్సు ఇరవై మూడు. అడిక్‌మెట్‌లో కిరాయి గదిలో ఉంటాను. ఇంటర్‌తో చదువు ఆగింది. కంప్యూటర్ పని నేనే చూసి చూసి నేర్చుకున్నాను. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరి గల్లీలో దమయంతి గారి ఫైనాన్స్ షాపులో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున షట్టర్ ఎత్తడం, ఊడ్వడం, లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి వెలిగించడం, రసీదులు కొట్టడం, అన్నీ నా పనే. అందుకే ఒక తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఆమే ఇచ్చింది. నేను తాళం పగలగొట్టలేదు. ఈ మాట రెండుసార్లు రాయమన్నాను.

మా దగ్గర అప్పు తీసుకునేది అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు. సర్కారు నౌకరి కోసం ఊళ్ల నుంచి వచ్చి చదువుకుంటున్నవాళ్లు. వాళ్ల దగ్గర బంగారం ఉండదు. కోచింగ్ ఫీజుకో మెస్ బిల్లుకో అప్పు కావాలంటే టెన్త్ మెమో, డిగ్రీ పట్టా తాకట్టు పెట్టాలి. దమయంతి గారు ఒక్కొక్కరివి కవర్లో వేసి, పేరు రాసి బీరువాలో పెడుతుంది. అందరూ ఆమెను ఆంటీ అంటారు. కవరు తీసుకునేటప్పుడు చాయ్ కూడా తాగిస్తుంది.

అప్పులిచ్చే లైసెన్సును గడువు లోపల రెన్యూవల్ చేయించాలి. ఈసారి అప్లికేషన్ నేనే నింపాను. షాపు కిరాయి కాగితం, ఫొటోలు, చలానా జోడించాను. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో టిక్కు కూడా పెట్టాను. ఆంటీ దాన్ని తీసుకుని కళ్లకద్దుకుంది. మూలకు పసుపు రాసింది. లక్ష్మీదేవి పటం ముందు పెట్టింది. సంతకం మాత్రం పెట్టలేదు.

"శుక్ర మూఢం నడుస్తున్నది బిడ్డా. గుడి అయ్యగారు వద్దన్నడు. మూఢం పోయినంక మంచిరోజు చూసి పెడ్త."

"ఆంటీ, ఆఫీసోళ్లకు మూఢం ఉండదు. తారీకే ఉంటది."

"నువ్వు నాకు చెప్పేదానివైనవా?"

గడువు దాటిపోయింది. లైసెన్సు లేకుండా షాపు నడిపితే పట్టుకుంటారని ఎవరో ఆమెను భయపెట్టారు. మొన్న సోమవారం సాయంత్రం షట్టర్ దింపించి తాళం వేయించింది. "షాపు సెలవు" అని అట్టముక్క కట్టించింది. బీరువాలో పిల్లల కవర్లు అలాగే ఉండిపోయాయి.

బుధవారం నేను షట్టర్ ముందు ఊడుస్తుంటే భానుప్రకాశ్ అనే అబ్బాయి వచ్చాడు. నాలుగేళ్లుగా అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి చదువుతున్నాడు. ఇప్పుడు నౌకరికి ఎంపికైనవాళ్లలో అతని పేరు వచ్చింది. ఈ వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఒరిజినల్స్ చూపించకపోతే ఆ నౌకరి ఇంకొకరికి పోతుంది. నా ముందే ఆంటీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఆంటీ, జర షట్టర్ తీయిండ్రి. బాకీ మొత్తం ఇప్పుడే కడ్త."

"కట్టు బిడ్డా, ఫోన్ల ఏసెయ్యి. షట్టర్ మాత్రం మూఢం పోయేదాంక తియ్యద్దు. లైసెన్సు లేదు కదా."

అతను అక్కడే, నిలబడినచోటనే కట్టేశాడు. అసలు, మిత్తి, మొత్తం. డబ్బు ముట్టిందని మెసేజ్ కూడా వచ్చింది. నాకు ఒళ్లు మండింది. మూఢంలో సంతకం పెట్టకూడదట. మూఢంలో మిత్తి మాత్రం తీసుకోవచ్చట! భానుప్రకాశ్ అరవలేదు, తిట్టలేదు. అట్టముక్క వంకరగా ఉంటే సరిచేసి వెళ్లిపోయాడు. నాకు అదే ఎక్కువ మండింది.

గురువారం, శుక్రవారం నేను నారాయణగూడలో ఆంటీ ఇంటికి పోయి అడిగాను. రెండు రోజులూ మూఢం అనే చెప్పింది.

ఈ రోజు శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు షట్టర్ ఎత్తాను. రోడ్డు మీద మనుషులు తిరుగుతుండగానే ఎత్తాను. పక్కన జిరాక్స్ షాపు పీరయ్య అన్న చూశాడు.

"ఏంది రోజా, మూఢం పోయిందా?"

"నాకు పోయిందన్నా."

బీరువా తాళంచెవి పటం వెనక మేకుకు ఉంటుంది. తీశాను. భానుప్రకాశ్‌కు ఫోన్ చేశాను. ఒక్కడే వస్తాడనుకున్నాను. హాస్టల్ మొత్తానికి చెప్పాడు. చూస్తుండగానే గల్లీ నిండిపోయింది. ఒకడు పళ్లు తోముకుంటూ బ్రష్‌తోనే వచ్చాడు. ఆటోలు ఆగి హారన్లు కొడుతున్నాయి. నేను కుర్చీ ఎక్కి కవర్ల మీద పేర్లు చదివాను.

"ప్రేమ్‌సాగర్!"

"ఈడ్నే ఉన్న అక్కా!"

"మంజుల!"

"అక్కా, జర ఇటు, ఇటు!"

ఆ పిల్ల పట్టా బయటికి తీసి వాసన చూసి నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. మూడేళ్లలో ఆ షాపులో ఎవరైనా నవ్వడం నేను చూడలేదు మేడం. నా గొంతు పోయింది, అయినా అరుస్తూనే ఉన్నాను. పీరయ్య అన్న మిషన్ ఆపకుండా జిరాక్స్‌లు తీశాడు. ప్రతి జిరాక్స్ మీద "ఒరిజినల్ ముట్టింది" అని రాయించి సంతకం తీసుకుని బీరువాలో పెట్టాను. అప్పు మాఫీ అని ఎవరికీ చెప్పలేదు. అప్పు అప్పే.

తోపులాట కాకుండా లైను చూసుకున్నది భానుప్రకాశే. "నీది ముందు తీస్కోరా బై" అని దోస్తులు అంటే, "నాదేడికి పోతది, అక్క చేతులనే ఉన్నది కదా" అన్నాడు.

చివరికి అతని కవరు తీశాను. ఇవ్వబోతుంటే ఆటో ఆగింది. ఆంటీ దిగింది, వెంట కానిస్టేబుల్.

"ఇంటి పిల్ల లెక్క చూసుకుంటే గిట్ల చేస్తవా? ఆ పోరడు నీకేమైతడే?"

"ఏం గాడు ఆంటీ. లైన్ల ఆఖరోడు."

కానిస్టేబుల్ నా చేతిలోంచి కవరు లాక్కున్నాడు. దొంగసొత్తు, కేసులో పెట్టాలి అన్నాడు. అందరివీ అందాయి. ఎవరి కోసం షట్టర్ ఎత్తానో అతనిది ఒక్కటే ఇప్పుడు మీ టేబుల్ మీద ఉంది.

"షాపు ఆమెది, పెత్తనం నీదేందమ్మా?" అని ఎస్.ఐ. మేడం అడిగారు. షాపు ఆమెదే. బీరువా ఆమెదే. ఆ పట్టా మీద పేరు భానుప్రకాశ్‌ది. అతని బాకీ బుధవారమే తీరిపోయింది.

నా మీద కేసు పెట్టుకోండి, కోర్టుకు వస్తాను. ఆ కవరును మాత్రం రేపు ఆదివారం సాయంత్రం ఆరు గంటల లోపల భానుప్రకాశ్ చేతికి ఇవ్వండి. జిరాక్స్ మీరు పెట్టుకోండి. ఇవ్వలేమంటే, ఎందుకు ఇవ్వరో అదే ఆరు గంటలకు ముద్ర వేసి రాసివ్వండి. సోమవారం అతను ఆ కాగితమైనా పట్టుకుపోతాడు. ఆ జవాబు వచ్చేదాకా స్టేషన్ బయట మెట్ల మీదే కూర్చుంటాను. అతను ఇప్పటికే అక్కడ ఉన్నాడు.

రాసింది చదివి వినిపించారు. నేనూ చదువుకున్నాను. తాళం మాట ఒక్కసారే రాశారు, రెండోది నా చేత్తో చేరుస్తున్నాను. తాళం పగలగొట్టలేదు. చెప్పిందంతా నిజం, ఎవరూ బెదిరించి చెప్పించలేదు. మూఢం ఇంకా నడుస్తూనే ఉంది. అయినా సంతకం పెడుతున్నాను.

(సంతకం) గాజుల రోజా
చిక్కడపల్లి, శనివారం, మధ్యాహ్నం 1.20