స్విచ్చి మీది బొట్టు

సుబేదారిలో ఆ ఇంటి కరెంటు బోర్డును ఇంటాయనే స్వయంగా బిగించాడు. ఒకే తీరు నల్ల స్విచ్చులు ఆరు, ఒకే వరుసలో. ఐటీఐలో ఆయన చెప్పే పాఠం కూడా బోర్డుల గురించే.

"స్విచ్చికి కుంకుమబొట్టేంది? ఇదేమన్న గడపనా? తుడిచేసిన," అన్నాడు భార్యతో.

"అయ్యో, కుంకుమది లైటు, పసుపుది ఫ్యాను. గుర్తుకు పెట్టిన."

"బోర్డు పెట్టి రెండేండ్లాయె, ఇంక యాదికుండదా నీకు?"

"నాకుంటది. అత్తమ్మ కోసం పెట్టిన."

"అమ్మకేమైంది?"

"లైటనుకొని ఫ్యాను వేస్తే మొన్న మీరు పకపక నవ్విండ్రు. అప్పటిసంది బోర్డు ముట్టలే. బొట్లు పెట్టినంక తానే వేసుకుంటాండె. ఇయ్యాల నేను కూరగాయలు తెచ్చేసరికి మళ్ళ చీకట్లనే కూసున్నది."

"నేను ఇంట్లనే ఉంటి గద! పిలవొచ్చు గద!"

"మళ్ళ నవ్వుతరని."

ఆయన బోర్డు వైపు తిరిగాడు. ఆమె ఆపలేదు.

"క్లాసుల మంచి బోర్డొకటి, చెడ్డ బోర్డొకటి చూపెట్టి, తప్పు ఒత్తినోళ్ళది కాదు, చేసినోనిది అని మీరే చెప్తరు గద?"

రాత్రి అన్నం దగ్గర ఆయన తల్లి ముఖం చూడలేకపోయాడు. కంచంలోకే చూస్తూ అన్నాడు.

"అమ్మా, రేపు క్లాసుల మన బోర్డు బొమ్మ గీస్త. చెడ్డ బోర్డు కింద."

"ఎవరు చేసిండ్రని అడుగుతరు," అంది భార్య.

"నేనే అని చెప్త. తిన్నంక ఆ కుంకుమ భరిణె జర ఇటియ్యి."