ఈటె మీద చెయ్యి

ఓబులమ్మ ఉండాది చూడండి, మా తిప్పక్క మనవరాలు, ఈటె ఇసిరి దేశంలోనే ఫస్టొచ్చిన పిల్ల, దాని కత ఇది. ఆ పిల్లకు పదమూడేండ్లప్పుడు వాళ్ల నాయన పిడుగు పడి పాయ. అమ్మ అంతకు ముందే పాయ. ఇంట్లో జేజి, మనవరాలు, ఇద్దరే. అప్పుట్లో మా ఊర్లో శెనక్కాయ పీకినంక అడివిపందుల వేటకు పోతాంటిమి. ఇప్పుడు పోతే జైల్లో ఏస్తారు, అది వేరే సంగతి. అప్పుడు పందులు చేను చేనంతా తవ్వి పారేస్తాండె, వాటి మీద మాకు అంత కసి. వేటకు ఒక పద్దతి ఉండాది, బాగా ఇనండి, కతంతా దాని మీదనే నడుస్తాది. ఈటె ఎవురు ఇసిరినారని కాదు లెక్క. పంది పడినాక పెద్దోళ్లు వచ్చేతలికి ఈటె మీద చెయ్యి ఎవునిదుంటే తలకాయా, ఎనకతొడా వానిది. అందుకని ఇసిరినోడు ఇసిరినట్టే ఉరకల్ల. ఇసిరి నిలబడితే ఆ ఈటె నీది కానట్టే అనుకో.

వేటకు ఇంటికొక మనిషి పోవల్ల, పోకుంటే ఆ ఇంటికి కూర రాదు. తిప్పక్క ఇంట్లో మొగోడు యాడుండాడు? ఏం చేసిందనుకుంటిరి? చచ్చిపోయిన కొడుకు ఈటె తీసి మనవరాలి చేతికిచ్చి పొమ్మనె. మేమంతా నవ్వితిమి. నవ్వితిమా, ఏమైందంటే, కంపలో నుంచి దున్నపోతు దూడంత పంది లేచె. మొగోళ్ల ఈటెలన్నీ మన్నును పొడిచినాయి. ఈ పిల్ల యాడనో ఎనక గుండురాయి మీద నిలబడుకోనుంది. ఆడ్నించే ఇసిరె. ఈటె మా నెత్తుల మీద నుంచి పోయి పంది పక్కలో దిగబడె, పంది ఆడనే కూలబడె. మరి పిల్ల ఏం చేసింది? నోరు తెరుచుకోని చూస్తా నిలబడె. అంత దూరం పోతాదని దానికే తెల్దు పాపం. అంతలో ఒకడు ఉరికిపోయి ఈటె మీద చెయ్యేసె. ఎవుడు వాడు అంటారా? నేనే. దాచేదేముండాది. తలకాయా, తొడా నేనే మోసుకొస్తి. ఆ పొద్దు నాకు ముద్ద దిగలేదని చెప్తే నమ్ముతారా? నమ్మొద్దండి, బాగానే తింటి. సిగ్గు శానా రోజుల తర్వాత వచ్చింది.

పిల్ల వట్టి చేతుల్తో ఇంటికి పోతే తిప్పక్క ఊరుకుంటాదా? ఇసిరి నిలబడతారంటే ఎవురన్నా, రాతిబొమ్మవా నువ్వు, కాళ్లు లేవా నీకు అని వాకిట్లో ఏసుకోని తిట్టె. తిట్టి, తానూ ఏడ్చె. తెల్లారి నుంచి పిల్లను వంకలోకి తోలుకపోయి, ఇసురు, ఉరుకు, ఇసురు, ఉరుకు, ఇదే పని. నెల తిరిగేతలికి ఎట్లయిందంటే, ఈటె దిగబడి అల్లాడడం ఆగకముందే పిల్ల చెయ్యి దాని మీద ఉంటాండె. మళ్లా ఏడాది వేటలో పందిని అదే కొట్టె, భాగమూ అదే తెచ్చె. నేను పక్కకు తప్పుకుంటి.

అప్పుడు మా బడికి జిలాని సారని డ్రిల్లు సారు వచ్చినాడు. వెదురు ఈటె ఒకటి తెచ్చి ఆడపిల్లోళ్లను ఇసరమంటే అందరూ పదడుగులు ఇసిరిరి. ఓబులమ్మ ఇసిరితే గోడ దాటి రెడ్డోళ్ల మామిడితోట్లో పడె. సారు గోడెక్కి తొంగి చూసినాడంట. ఇంగ ఏముండాది, తాలూకా ఆటలకు తీసుకపోయె. ఆడ సున్నంతో ఒక గీత గీసింటారు. ఆ గీత ఇవతలనే నిలబడి ఇసరల్ల, ఈటె కింద పడేదాకా గీత దాటకూడదు, దాటితే ఎర్రజెండా, ఆ ఇసురు లెక్కకు రాదు. ఈ పిల్ల ఇసిరె, అందరికంటే శానా దూరం పాయ. పాయ గానీ, దాని ఎనకాలే ఈ పిల్ల కూడా పాయ! ఎర్రజెండా ఎత్తిరి. రెండోసారి అంతే. మూడోసారీ అంతే. జనం కడుపులు పట్టుకోని నవ్విరంట. జేజి చెప్పింది ఒకటి, గీత చెప్పేది ఒకటి, పిల్ల ఏం చేస్తాది చెప్పండి?

సారు వదలలేదు. గీత మీద తుమ్మకంప పరిపిచ్చె, పిల్ల దాన్ని దుమికి పాయ. నడుముకు మోకు కట్టి తాను పట్టుకునె, సారును కూడా ఈడ్చుకోనిపాయ. మోకాళ్లు చెక్కుకపోయిన సారు కుంటుకుంటా తిప్పక్క ఇంటికొచ్చి కూచున్యాడు. ఇంగ పదైదు రోజులకు అనంతపురంలో సెలక్షనుంది అవ్వా, అందులో నిలిస్తే హాస్టల్లో సీటిస్తారు, తిండి, చదువు వాళ్లదే, రేపు ఉద్యోగం కూడా వస్తాది, నిలవకపోతే ఈ బడితోనే సరి, ఇంగ కూలికి పోవడమే, ఆ కాళ్లను ఎట్ల ఆపేది చెప్పు అన్యాడు. తిప్పక్క సారు మోకాళ్లకు పసుపు పూసె. కడాకు ఏమనిందంటే, "కాళ్లు కాదు సారూ. అది బయం. తనది ఇంగొకరు ఎత్తుకపోతారని బయం. నేర్పిచ్చింది నేనే."

తెల్లారి ముసిల్ది బడి బయల్లోకి వచ్చె. సారు కాడికి పోలేదు, నేరుగా ఆ చివరికి, ఈటె పడే తావుకు పోయి ఎండలో నిలబడె. "ఇసురే ఓబులీ, నేను ఈడ ఉండా, దాని మీద చెయ్యి నేనేస్తా, నువ్వు రావద్దు" అని కేకేసె. పిల్ల ఇసిరె. గీత కాడికి వచ్చె, ఊగె, ఆగె. సారు టోపీ తీసి పైకి ఎగరేసినాడంట.

సెలక్షను పొద్దు ఏమైందంటే, తిప్పక్కను లోపలికి రానియ్యలేదు. నా మనవరాలి ఈటె నేను తెచ్చుకుంటా, మీకేం నొప్పి అని పోట్లాడితే గేటు అవతలికి పంపిచ్చినారు. పిల్ల రెండుసార్లు గీత దాటె. ఇంగ ఒక్కటే మిగిలింది. ముసిల్ది ఊరుకునిందా? ప్రహరీ చుట్టూ తిరిగి ఆ చివరికి పోయి, ఆడ రాళ్లకుప్ప ఎక్కి, గోడ మీద తలకాయ పెట్టి "ఓబులీ, వచ్చినానే!" అని అరిచె. మూడోది ఇసిరె పిల్ల. ఆగె. సీటొచ్చె.

అది మొదలు ఏడేండ్లు. యాడ పోటీ ఉంటే ఆడికి తిప్పక్క బస్సెక్కె, రైలెక్కె. గుంటూరు, హైదరాబాదు, మద్రాసు, ఇంగా పేర్లు తిరగని ఊర్లు. రొట్టెలు మూటగట్టుకోని పోయి ఏ గోడ మీద నుంచో తల చూపిస్తాండె. రాష్ట్రంలో ఐదుసార్లు ఫస్టు. ఆటల మీదనే రైల్వేలో ఉద్యోగం. అన్నీ వచ్చినాయి, దేశం మొత్తం మీద ఫస్టు ఒకటే రాలేదు, రెండుసార్లు రెండోది వచ్చింది. అప్పుడు తిప్పక్క మంచాన పడె. తిరగా దేశం పోటీలు వచ్చె, యాడనో ఉత్తరాన. నేను పోను జేజీ అనె పిల్ల. పోకుంటే మందు మింగను అనె ముసిల్ది. పంతంలో ఇద్దరూ ఇద్దరే. కడాకు పిల్ల ఒక్కతే పాయ.

ఆడ మొదటిది గీత దాటె. రెండోదీ దాటె. మూడోది కూడా దాటితే ఇంటికి పొమ్మంటారంట. ఏడేండ్లు పడిన కష్టమంతా ఆ ఒక్కదాని మీద ఉండాది. ఇసిరె. మీరే చెప్పండి, ఆగిందా లేదా? ఆగింది, దేశానికే ఫస్టొచ్చె. ఎట్ల ఆగిందో ఆ పొద్దు ఎవురికీ తెల్దు.

పతకం తీసుకోని వచ్చినప్పుడు ఊరంతా ఆ ఇంటి ముందర ఉండాది. నేనూ పోయి గడప కాడ నిలబడితి. తిప్పక్క మెళ్లో పతకం ఏస్తే దాన్ని చూడను కూడా చూడలేదు. "ఈటె ఎవురు తెచ్చిరే?" అనె.

"ఎవురో తెచ్చింటారు జేజీ. నేను చూడలే."

"ఎత్తుకోని పోతే?"

"పోనీలే జేజీ. ఎవురి చెయ్యి పడినా ఇసిరింది నేనే కదా. ఉరికొస్తా ఉంటే ఆ మాట తట్టింది. కాళ్లు అవే ఆగిపాయ."

ముసిల్ది మనవరాలి మొగం చేత్తో తడిమె. కండ్లెంబడి నీళ్లు కారుతాండాయి, తుడుచుకోలేదు. "అయితే ఇంగ నేను నీ ఎనకాల రావాల్సిన పన్లేదు" అనె. మూడో పొద్దుకు ముసిల్దాని పానం పాయ.

ఓబులమ్మ తర్వాత కూడా గెలిచె, భుజం పట్టుకపోయేదాకా ఇసిరె. అవన్నీ ఎన్ని మీటర్లో నన్నడగద్దండి, నాకు తెల్దు. పతకం తెచ్చిన ఆ పొద్దు లోపలికి పోయి, నన్ను మన్నించు తల్లీ అందామనే అనుకుంటి. ఈలోపల పేపరోళ్లు వచ్చి ఈమెకు జేజి కాకుండా సొంతమనిషి ఎవురు అని అడిగిరి. అందరికంటే ముందర పోయి నిలబడింది ఎవురనుకుంటిరి? నేనే. ఫోటో కూడా ఏసినారు. ఏం చేసేదప్పా, ఆ పిల్ల మారింది గానీ నేను యాడ మారితి.