ఎమ్మిగనూరు పైన విమానం

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే ఎద్దులబండిలో, నా ముందు కూర్చున్న భార్యాభర్తల మాటలివి. అప్పుడే పైన విమానం ఒకటి పోయింది.

“అది ఎమ్మిగనూరు ఎంతసేపట్లో చేరతాదయ్యా?”

“పది నిమిషాలే! దానికి దోవలో వంకలు, గుంతలు ఉండవు కదే.”

“మనం తెల్లారకనే బయల్దేరినాము. మధ్యాన్నం నా చెల్లెలికి తాళి కడతారు.”

“నా ఎద్దులేమన్నా విమానమా?”

“ఎద్దులనెందుకంటావు? మీ మేనత్త ఇంట్లో సద్ది తిన్నావు, మీ చిన్నాయన ఇంట్లో మజ్జిగ తాగినావు.”

“చుట్టాల వాకిలి ముందర ఆపకుండా పోతే ఏమనుకుంటారు?”

“పైన మీ చుట్టాలెవరూ లేరు గాబట్టే అది జల్దీగా పోతాంది.”

“అదిగో, మా అక్క చెయ్యి ఊపుతాంది. రవ్వంత ఆపుతా.”

“ఆపు. పగ్గాలు నాకిచ్చి దిగు. నువ్వు తిని, నడిచి రా.”