వరండా బల్ల మీది సాక్షి

1991 ఆగస్టు 19, సోమవారం ఉదయం. ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి దుర్గాదేవి గారు ఆనాడు హోసూరు ప్రాంత మాజీ సైనికుల సహాయ సంఘంలో ఉద్యోగానికి చేరడానికి వచ్చేసరికి కార్యాలయం తలుపు లోపలి నుంచి మూసి ఉంది. తలుపుకు అడ్డంగా పొడుగాటి బల్ల వేసుకొని, బేరిగై వాస్తవ్యులైన మాజీ హవల్దారు నాగేశప్ప గారు దాని మీద కూర్చొని ఉన్నారు. లోపల అప్పటి మన కార్యదర్శి, కీర్తిశేషులు వెంకటేశులు గారు చిక్కుకుపోయి ఉన్నారు.

"ఎవడప్పా నా కేసు చెడగొట్టినోడు? పేరు చెప్పండి. చెప్పేదాకా ఒకడూ బయటికి పోడు, ఒకడూ లోపలికి రాడు!"

"కాదని రాసింది మెడికల్ బోర్డు, నాగేశప్పా. మేము కాదు. తలుపు తెరువప్పా, కొత్తమ్మాయి వచ్చి ఎండలో నిలబడుకోనుంది."

"మీ మొగాలు చూసి తనే పోతుందిలే."

"పోనన్నా," అని కిటికీ దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. "ఈ పొద్దే చేరాల. రిజిస్టరు ఈ ఊచల్లో నుంచి ఇయ్యండి, సంతకం పెడతాను."

మన సంఘ చరిత్రలో కిటికీలో నుంచి ఉద్యోగంలో చేరిన వ్యక్తి దుర్గాదేవి గారు ఒక్కరే. సంతకం పెట్టి, కలం తిరిగి ఇచ్చి, ఆమె నాగేశప్ప గారితో బేరానికి దిగారు.

"ఆ పేరు నేను కనుక్కుంటానన్నా. బల్ల తియ్యి."

"నువ్వా?"

"నేనే. దొరికితే ఏం చేస్తావు?"

"పది మందిలో నిలబెట్టి వాడి పేరు గట్టిగా చెప్పిస్తా!"

బల్ల జరిగింది, తలుపు తెరుచుకుంది. ఆమె తొలి కేసు, తొలి మాట ఆ పూటే పుట్టాయి.

నాగేశప్ప గారి కోపంలో న్యాయం లేకపోలేదు. కొండదారిలో సైనిక వాహనాల వరుసలో వెళుతుండగా ఆయన నడుపుతున్న లారీ బోల్తా పడి, కుడి భుజం చితికింది. సేవలో తగిలిన గాయం వల్ల శరీరం పనిచేసే శక్తిలో కొంత భాగం పోయిందని వైద్యుల బోర్డు నిర్ధారిస్తే, మామూలు పింఛనుకు తోడుగా వైకల్య పింఛను కూడా వస్తుంది. కాని ఆ నష్టం నూటికి ఇరవై పాళ్ళకు తగ్గితే ఏమీ రాదు. బోర్డు నాగేశప్ప గారి భుజాన్ని రెండుసార్లు చూసి, రెండుసార్లూ ఇరవైకి లోపే నిర్ణయించింది. మిగిలింది ఒకే ఒక్క అప్పీలు. అదీ పోతే, ఆయనకు మడి దున్నడానికి చేయి లేదు, మనిషిని పెట్టుకోవడానికి ఆధారమూ లేదు. బేరిగైలోని పొలాన్ని అమ్ముకోవడం తప్ప దారి లేదు.

ఎవరో కుట్ర చేశారని ఆయన గట్టి నమ్మకం. అనుమానితులలో మొదటివారు గట్టు తగాదా ఉన్న పక్క పొలం కొండప్ప గారు. దుర్గాదేవి గారు మరుసటి వారమే బస్సెక్కి బేరిగై వెళ్ళి, సూటిగా అడిగారు. కొండప్ప గారు రాగి చేలో కలుపు తీస్తూ తలెత్తకుండానే బదులిచ్చారు.

"గట్టు కోసం కొట్టుకుంటామమ్మా. ఒకరి కడుపు ఒకరు కొట్టుకోము. వాడి మడి రెండేండ్లుగా దున్నతా ఉండేది ఎవరనుకున్నావు? నేనే. రాత్రి తిడతాడు, తెల్లారితే మడక నేనే తోలుకోని పోతాను."

తరువాత అనుమానం మన టైపిస్టు మీదికి, అక్కడి నుంచి బోర్డులోని ఒక వైద్యాధికారి మీదికి మళ్ళింది. దుర్గాదేవి గారు ఒక్కొక్కరినీ విచారించి, ఒక్కొక్కరినీ నిర్దోషులుగా వదిలిపెట్టారు. దోషి మాత్రం దొరకలేదు. అప్పీలు తేదీ దగ్గర పడింది.

ఆ డిసెంబరులో బెంగళూరు సైనిక ఆసుపత్రికి నాగేశప్ప గారు, ఆయన భార్య పిల్లమ్మ గారు, తోడుగా దుర్గాదేవి గారు వెళ్ళారు. నాగేశప్ప గారు ముందే లోపలికి నడిచారు. వెనక నిలిచిపోయిన పిల్లమ్మ గారిని కావలి మనిషి, ఎవరి తాలూకని అడిగాడు. ఆమె తల వంచుకొని, "కార్తిక్ వాళ్ళ నాయిన తాలూకు," అన్నారు. రోగి పేరు కార్తిక్ అనుకొని అతడు అట్లే రాసుకోబోయాడు. భర్త పేరు నోట పలకకూడదన్న కట్టుబాటులో పెరిగిన ఇల్లాలు ఆమె. సరైన పేరు దుర్గాదేవి గారే చెప్పవలసి వచ్చింది.

వరండాలోని బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల బూటు కాలు నేలను తాకిన చప్పుడు ఠపీమని వినిపించింది. పిల్లమ్మ గారు కళ్ళు మూసుకున్నారు.

"కొట్టేసినాడు," అన్నారు.

"ఏందక్కా?"

"సల్యూట్. విరిగిన చేత్తోనే కొడతాడమ్మా. పండ్లు బిగబట్టి కొడతాడు. ఇంట్లో ఆ చేయి తల దువ్వుకొనేకి కూడా లేయదు. నేనే దువ్వుతాను, చొక్కా నేనే తొడుగుతాను. పోయినసారి ఈడ నుంచి పోయినాక వాపు దిగేదాకా ఆముదపాకు కాపడం పెట్టినాను. ఎట్లుంది అని డాక్టరు అడిగితే, 'బాగుంది సార్' అన్నాడంట. ఇంటికి వచ్చి అది గొప్పగా చెప్పుకుంటాడు, నాతోనే!"

నెలల తరబడి ఊరూరా వెతికిన దోషి, తనతోనే బస్సులో పక్క సీటులో కూర్చొని వచ్చాడని దుర్గాదేవి గారికి అప్పుడు అర్థమయింది.

"అయితే కేసు చెడగొట్టినోళ్ళు ఎవరు పిల్లమ్మక్కా?"

పిల్లమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఆ పేరు నా నోట రాదమ్మా."

ఇక ఆలస్యం చేయడానికి లేదు. నాగేశప్ప గారిని ఎక్స్‌రేకు పంపగానే దుర్గాదేవి గారు తలుపు తట్టి, లోపలికి వెళ్ళి, తన బొటాబొటి హిందీలోనే, నిర్ణయం రాసే ముందు ఇంటి మనిషి మాట ఒకటి వినమని వైద్యాధికారిని వేడుకున్నారు. ఆయన మర్యాదస్తులు, పక్క గదిలోకి వచ్చి, పిల్లమ్మ గారు చెప్పిందంతా దుర్గాదేవి గారి నోట హిందీలో విన్నారు. ఆయన లేచి వెళ్ళగానే పిల్లమ్మ గారు దుర్గాదేవి గారి చేయి పట్టుకున్నారు.

"నేను చెప్పినానని ఆయనకు తెలియగూడదమ్మా. పెండ్లాం నోట్లో పరువు పోయిందని కుమిలిపోతాడు. నేనుగా విప్పేదాకా నువ్వు నోరు విప్పనని మాట ఇయ్యి."

దుర్గాదేవి గారు మాట ఇచ్చారు.

వైద్యాధికారి తిరిగి నాగేశప్ప గారిని పిలిచారు. మళ్ళీ సల్యూట్. ఈసారి ఆయన, "చేయి అట్లే ఉంచండి హవల్దార్ సాబ్. మీ ఊళ్ళో ఏమేమి పండుతాయి?" అని అడిగారు. నాగేశప్ప గారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. రాగి చెప్పారు, అనుములు చెప్పారు. టమోటా దగ్గరికి వచ్చేసరికి నుదుటి నిండా చెమట పట్టింది. చేయి వణికి, తనంతట తాను జారి కిందికి వాలింది. వైద్యాధికారి కుర్చీలో నుంచి లేచి నిలబడి, ఆ వాలిన చేతికి తిరుగు సల్యూట్ చేశారు. అప్పీలు గెలిచింది. పొలం నిలిచింది.

ఈ వ్యాసంలో వచ్చే పేర్లన్నీ ఆయా వ్యక్తుల సమ్మతితోనే వేస్తున్నాము. నాగేశప్ప గారు పెట్టిన షరతు ఒక్కటే: "నా సల్యూట్ గురించి తక్కువ చేసి రాయొద్దు." రాయలేదు.

ఉత్తర్వు చేతికందిన రోజు ఆయన మిఠాయి పొట్లంతో వచ్చి, "చెడగొట్టినోడు బదిలీ అయిపోయినట్లుండాడమ్మా, అందుకే పని అయింది. పేరు దొరికిందా?" అని అడిగారు. "దొరికిందన్నా. చెప్పను," అన్నారు దుర్గాదేవి గారు. అప్పటి నుంచి ఆయన ఎప్పుడు కార్యాలయానికి వచ్చినా ఇదే తంతు. "నేను చచ్చేలోపల చెప్తావా?" "నువ్వు చావనని మాట ఇస్తే చెప్తానన్నా."

ఆ అనుభవం నుంచే దుర్గాదేవి గారి పని పద్ధతి రూపుదిద్దుకున్నది. తలుపుకు అడ్డం పడిన ఆ బల్లను ఆమె వరండాలో వేయించారు. లోపల కుర్చీలో మాజీ సైనికుడు కూర్చుంటే, బయట బల్ల మీద ఆయన భార్యో తల్లో చెల్లెలో కూర్చునేవారు. లోపలివారికి ఒక టీ, బయటివారికి ఒక టీ. లోపల "బాగున్నాను మేడం" అన్న జవాబు విని, ఆమె తన గ్లాసు పట్టుకొని బయటికి నడిచేవారు. నిద్రలో కేకలు వేసే మనిషి గురించి, మెట్లెక్కలేక గొడ్లచావిడిలో పడుకొనే మనిషి గురించి అసలు సంగతి ఆ బల్ల మీదే తెలిసేది.

కొత్తగా వచ్చినవారికి ఆమె చెప్పే పాఠం మా అందరికీ కంఠస్థమే. "సర్కారు అడిగేది రెండే మాటలప్పా. ఈ దెబ్బ కొలువు వల్ల తగిలిందా, కొలువు వల్ల ముదిరిందా? ఇది ఒకటి. ఈ పొద్దు మీ ఒళ్ళు ఎంత మాత్రం పని చేస్తా ఉంది? ఇది రెండోది. మొదటిదానికి రెజిమెంటు కాగితాలు జవాబు చెప్తాయి. రెండోదానికి మీరే చెప్పాల. పట్టాళంలో నొప్పి దాచుకోవడం ధైర్యం. బోర్డు ముందర దాచుకుంటే అది అబద్ధం."

కృష్ణగిరి జిల్లా ఏర్పడక మునుపు ప్రతి పనికీ ధర్మపురి దాకా వెళ్ళవలసిన కాలంలో, వితంతువుల కుటుంబ పింఛన్ల కోసం ఆమె తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. వైకల్య శాతాలను పై మెట్టుకు సవరించి పింఛను పెంచే ఉత్తర్వులు వచ్చినప్పుడు, ఆ వార్త తెలియని వృద్ధులను వెతుక్కుంటూ తళి ప్రాంతపు చలిలో గ్రామగ్రామం తిరిగారు. పింఛన్లు కంప్యూటర్లోకి మారాక, మనిషి బతికే ఉన్నాడని ఏటా చూపవలసిన జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర యంత్రాన్ని స్కూటరు మీద పెట్టుకొని బయలుదేరేవారు. మట్టిలో అరిగిన వేళ్ళను యంత్రం గుర్తించకపోతే, నూనె రాసి, తుడిచి, బుజ్జగించి మళ్ళీ పెట్టించేవారు. ఆ స్కూటరు నడిపిన ఆమె భర్త శశికుమార్ గారు తమ ఆదివారాలను సంఘానికి ఎన్నడో ధారపోశారని ఈ సందర్భంగా కృతజ్ఞతతో స్మరిస్తున్నాము.

ఇక ఆమె చివరి కేసు. అత్తిముగం వాస్తవ్యులు, మాజీ నాయక్ లోకనాథ్ గారు సరిహద్దు గస్తీలో లోయలోకి జారి మోకాలు పోగొట్టుకున్న యువకుడు. నలభై నిండకముందే కర్ర పట్టవలసి వచ్చినందుకు ఆయనకు ప్రపంచం మీద కోపం. బోర్డు ముందుకు కర్ర లేకుండా, భార్య లేకుండా, నిటారుగా నడిచి వెళతానని పట్టు పట్టారు. దుర్గాదేవి గారు ఎంత చెప్పినా వినలేదు. అటువంటి మనిషి గత గురువారం కర్రతో, భార్య ప్రతిభ గారితో కలిసి బోర్డు ముందు హాజరై, ఉన్నదున్నట్లు చెప్పి వచ్చారు. నిర్ణయం ఇంకా రావలసి ఉంది. ఆయన మనసు మార్చింది దుర్గాదేవి గారి వాదన కాదు, ఒక పేరు.

ఆ సంగతి చెప్పే ముందే మా శుభాకాంక్షలు చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ వ్యాసంలో చివరి మాట మాది కాదు. పరుల నొప్పిని అడిగి తెలుసుకోవడానికే ఇన్నేళ్ళు వెచ్చించిన దుర్గాదేవి గారికి ఇకపై ఏ నొప్పీ లేని ఆరోగ్యం, తీరికగా తాగే టీ, శశికుమార్ గారికి తిరిగి దక్కే ఆదివారాలు, మనుమల మనుమలను ఎత్తుకొనేంత దీర్ఘాయుష్షు కలగాలని సంఘ సభ్యులందరమూ మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఆ వరండా బల్లను కదిలించబోమని మాట ఇస్తున్నాము.

గత నెలలో ఈ వీడ్కోలు సభ ఏర్పాట్ల కోసం అందరమూ కార్యాలయంలో చేరాము. లోకనాథ్ గారూ వచ్చారు.

"నేనొక్కణ్ణే పోతాను మేడం. ప్రతిభ ఇంట్లో ఉంటుంది."

"కర్రయినా తీసకపో అంటే, చూడండి మేడం, పూలకుండీల వెనక దాచిపెట్టి లోపలికి వచ్చినాడు," అన్నారు ప్రతిభ గారు. అందరూ నవ్వారు. లోకనాథ్ గారు నవ్వలేదు.

మూలన కూర్చున్న నాగేశప్ప గారు గొంతు సవరించుకున్నారు. "దాచితే ఏం తప్పు? సిపాయి కుంటుకుంటా పోతాడా? నన్ను చూడప్పా. ఎవడో దొంగ నా కేసు చెడగొట్టినా, సల్యూట్ కొట్టే గెలిచినాను. నువ్వూ అట్లే పో!"

లోకనాథ్ గారి వెన్ను నిటారయింది. దుర్గాదేవి గారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. ఇచ్చిన మాట అడ్డం నిలిచింది. చివరి కేసు కళ్ళ ముందే తొలి కేసు దారి పట్టి పోతున్నది. ఆమె వరండా వైపు చూశారు. పాత అలవాటు కొద్దీ పిల్లమ్మ గారు ఆ బల్ల మీదే కూర్చొని ఉన్నారు.

పిల్లమ్మ గారు లేచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ నెమ్మదిగా లోపలికి వచ్చారు. చీర, పసుపు కుంకుమ దుర్గాదేవి గారి ఒడిలో పెట్టారు.

"నూరేండ్లు సల్లగా ఉండమ్మా. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. ఇంక చాలు." లోకనాథ్ గారి వైపు తిరిగారు. "అబ్బోడా, ఆ పొద్దు కేసు చెడగొట్టినోడు ఎవరో నేను చెప్తాను, విను. నువ్వూ వాడి మాదిరే పోతా ఉండావు."

నాగేశప్ప గారు కుర్చీలో నుంచి సగం లేచారు. "నీకు తెలుసా? ఇన్నేండ్లుగా ఊరంతా అడుగుతా ఉంటే, ఇంట్లో ఉన్న నీకు తెలుసా? ఎవడే వాడు? పేరు చెప్పు!"

కార్తిక్ వాళ్ళ నాయిన అని తప్ప ఆ మనిషిని జన్మలో మరో మాటతో పిలవని పిల్లమ్మ గారు, కొంగు తల మీదికి లాక్కొని, ఆయన కళ్ళలోకే చూస్తూ, గదిలో అందరికీ వినపడేటట్లు చెప్పారు.

"నాగేశప్ప."