తనంతట తనే లేవాలె

సూరత్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డు, అందులో డిజైన్ గది. లాభ్ పాంచమ్ పొద్దు. దీపావళి సెలవులయ్యాక సేటు వచ్చి బటన్ నొక్కితే ఏడాది పని మొదలవ్వాలి. ఆ బటన్ ఉన్న కంప్యూటరేమో మొండికేసి కూర్చుంది. దాని ముందు హారతి, ఆమె వెనక చాయ్ గ్లాసుతో తండ్రి అంబదాస్.

"మళ్ళ ఆగింది! మళ్ళ గా పాస్‌వర్డ్ కాడనే ఆగింది, బాపూ!"

"నేనేం చేసిన?"

"నిన్నెవలన్నరు? మెషీన్‌ను అంటున్న."

"అరిస్తే ఇంటదా అది? జర చాయ్ తాగు, చల్లారుతుంది."

"చాయ్ పక్కన పెట్టు. సేట్ ఎప్పుడొస్తడు?"

"ఇంట్ల పూజ చేసుకొని వస్తడు. లేటయితది తియ్."

"నిన్న మంచిగ లేచింది, నా కండ్లతోని చూసిన. బటన్ నొక్కంగనే డిస్కు తెరుచుకున్నది, నెట్‌వర్క్ వచ్చింది, డిజైన్ మగ్గాలకు పోయింది. ఎవ్వలు చెయ్యి పెట్టలే. ఇయ్యాల ఏం రోగమొచ్చింది దీనికి?"

"పాత డబ్బా, బిడ్డా."

"డబ్బా పాతదే. లోపలి సిస్టమ్ నాది. బజార్ల దొరికేదాన్ని ఇది మోయలేకపాయె, అందుకే ఒక్కొక్క ముక్క నేనే కట్టిన. ఏది ముందు లేవాలె, ఏది ఎనుక లేవాలె, అన్నిటికి నంబర్లు నేనే ఏసిన. నాకు తెల్వకుండ ఎట్ల ఆగుతది?"

"కరెంటు తక్కువొస్తుందేమో."

"ఫ్యాన్ తిరుగుతలేదా?"

"తిరుగుతుంది."

"మరి?"

"మరంటే… నాకేమెరుక."

"ఆగు. నీ స్వామి! గదే అయ్యుంటది."

"ఏ స్వామి?"

"మార్కండేయ స్వామి. అన్నిటికన్న ముందు స్వామి బొమ్మ రావాలెనని నిన్న సాయంత్రం పట్టు పడితివి. సున్నా నంబర్ ఇచ్చి ఇంటికి పోయిన."

"పద్మశాలోళ్ళం. స్వామిని తలువకుండ మగ్గం ముట్టుకుంటమా?"

"తలువు, ఎవలొద్దన్నరు? కని బొమ్మ డిస్కుల ఉన్నది. డిస్కు తెరిచేది పదో నంబర్. గుడి తాళం తీయకముందే కొబ్బరికాయ కొట్టినట్టాయె!"

"దేవుని మీదికి నెట్టకు. కండ్లు పోతయ్."

"నెడుతలేను. డిస్కు తర్వాత, పదకొండుల పెడుతున్న. ఇగో. దండం పెట్టుకో, మళ్ళ నొక్కుతున్న."

"స్వామీ…"

"వచ్చిండు! చూడు, మంచిగొచ్చిండు. ఇగ నెట్‌వర్క్… నెట్‌వర్క్ రావాలె… రా, రా… అయ్యో! మళ్ళ పాస్‌వర్డ్ అడుగుతుంది. దీన్ని తీసుకపోయి తాపీ నదిల ఇసిరెయ్య!"

"అడిగితే కొట్టు. కొడితే నడుస్తది గదా?"

"ఇయ్యాల నేను కొడ్త. రోజూ ఎవలు కొట్టాలె? అదే గద లొల్లి! 'అప్నే ఆప్ చాలూ హోనా' అన్నడు సేట్. తనంతట తనే లేస్తే పాండేసర యూనిట్ల గూడ నా సిస్టమే పెడతనన్నడు. నా మొదటి పని బాపూ ఇది."

"పాస్‌వర్డ్ కొట్టుడు గంత పెద్ద పనా? పొద్దుగాల అందరికన్న ముందు నేనే వస్త. అగర్‌బత్తి ముట్టిస్త. అట్లనే గది గూడ కొడ్త."

"నీకా కష్టం లేకుండ చెయ్యాలెననే గద నా తిప్పలు!"

"కష్టమని నేను చెప్పిన్నా?"

"ఉండు… ఉండు బాపూ. ఇది ఖరాబై ఆగలే. ఆగుమంటే ఆగింది."

"ఏంది?"

"రన్‌లెవెల్. నీకు చెప్పిన గదా. మూడంటే పూరా పని. ఒకటంటే…"

"మరమ్మతు. ఎవలన్న మనిషొచ్చి పాస్‌వర్డ్ కొట్టేదాక కదలకుండ కూసుంటది."

"మంచిగ యాదికున్నదే!"

"నువ్వు చెప్తే ఇనకుంటనా?"

"నేను మూడు పెట్టి పోయిన. ఈడ ఒకటున్నది."

"చాయ్ పూరా చల్లారింది. ఇంకోటి తెస్త."

"బాపూ, కూసో. నిన్న నేను పోయినంక గదికి తాళమెవలు ఏసిండ్రు?"

"నేనే."

"ఇది మార్చింది?"

"…ఒక్క అంకెనే గదా. నువ్వు చూపిచ్చినట్టే చేసిన."

"ఒక్క అంకె! పొద్దటి సంది నెత్తి పలగ్గొట్టుకుంటున్న. స్వామిని గూడ అనుమానించిన! నా పని చెడగొడితే నీకేమొస్తది బాపూ?"

"నీ పని చెడగొట్టాలెనని కాదు."

"మరెందుకు?"

"సేట్ ఫోన్ల అంటుంటె ఇన్న. మెషీన్ తనంతట తనే లేస్తే డిజైన్ గదిల మనిషెందుకు, అంబదాస్‌ను పల్సానా గోదాముకు పంపుదాం, తాకాలు మడతపెట్టుకుంటడు అన్నడు."

"ఏందీ? బట్ట మడతపెట్టుడా? నువ్వా?"

"కంప్యూటర్ రాకముందు అట్ట కార్డులకు ఒక్కొక్క బొక్క కొట్టి మగ్గానికి డిజైన్ నేర్పిన చేతులివి. ఈ గది ఇడిచిపెట్ట మనసొస్తలేదు బిడ్డా."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వీ పని ఆపేస్తవ్. ఇయ్యాల సేట్ ముందల ఇది ఆగితే, నేను పాస్‌వర్డ్ కొట్టి లేపితే, మనిషి కావాలెనని ఆయనకే తెలుస్తదనుకున్న. మతిలేని పని. మూడు పెట్టు. సేట్ రాకముందే పెట్టు."

"ఫోన్ మోగుతుంది. సేట్‌దే."

"ముందుగాల మూడు పెట్టు హారతీ!"

"ఉష్. హలో… హా సేట్‌జీ, తయ్యార్ హై… నహీ సేట్, అప్నే ఆప్ నహీ హోగా. రోజ్ సుబహ్ ఏక్ ఆద్మీ చాహియే… మేరే బాపూ. ఔర్ కిసీ సే నహీ హోగా… జీ. ఠీక్ హై."

"రోజూ పొద్దుగాల మనిషి కావాలె, అది గూడ నేనే కావాలె అంటివా? ఏమన్నడు?"

"గేటు కాడికొచ్చిండట."

"పాండేసర సంగతి?"

"తర్వాత చూద్దామన్నడు."

"అయ్యో, ఎంత పని చేస్తివి బిడ్డా! నీ నోటికాడి బుక్క…"

"నువ్వు చేసిందే నేను చేసిన. ఆ ఒకటి అట్లనే ఉండని. జల్ది రా, ఈ కుర్చీల కూసో. పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టుకో."

"ఏం పెట్టాలె?"

"నీ ఇష్టం. నేను అటు తిరుగుత. నాకు గూడ చెప్పకు."