ముందర గుండీల నైటీ

చింతామణి బజారులో ఒక బట్టలంగడి. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, అరవై దాటిన ఒకామె లోపలికి వచ్చి అక్కడ పనిచేసే అమ్మాయిని నైటీలు చూపించమంది.

"చూడమ్మా, మీ వయసోళ్లంతా ఈ బూడిద రంగే తీసుకుంటారు."

"రంగు తర్వాత చూద్దాం పాపా. ముందరపక్క నడుందాకా గుండీలుండేది కావల్ల."

"అట్లాటివి బాలింతలకే వస్తాయమ్మా, బిడ్డకి పాలిచ్చేదానికి. కూతురికా?"

"నాకే."

"మీకెందుకమ్మా?"

"తలమీద నుంచి తొడుక్కోవాలంటే ఎడం చెయ్యి పైకి లేయదు. క్యాన్సర్ అని ఆ పక్క రొమ్ము తీసేసినారు. ఉగాది నుంచి కోడలే తొడిగిస్తాండాది. మంచిది, ఒక మాట అనదు. అయినా నా బట్ట నేనే తొడుక్కోవల్ల గదా."

"తెలీక అడిగితినమ్మా. ఇదిగో, ఈ కుంకుమ రంగుది చూడండి. గుండీలు పెద్దవి, ఒంటిచేత్తో పెట్టుకోవచ్చు."

"బాగుండాది. వేసుకొని చూసేదానికి చోటుండాదా?"

"ఆ మూల గది ఉండాది. నేనూ వచ్చి సాయం చేసేదా?"

"వద్దు."

"లోపల నిలువుటద్దం ఉండాదమ్మా. కావాలంటే బట్ట కప్పుతా."

"కప్పొద్దు తల్లీ. ఇంట్లో బట్ట మార్చేటప్పుడు కోడలు నా ముఖమే చూస్తా ఉంటాది. ఆమెకు బాధవుతాదని ఇంతవరకు నేను ఆ పక్క చూసుకోనేలేదు. ఈడ చూసుకుంటా. ఎవురినీ రానీయొద్దు."

అమ్మాయి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. కొంతసేపటికి లోపలికి వినబడేలా అడిగింది.

"అమ్మా, అయిందా?"

"చూసుకుంటి పాపా. ఇప్పుడు గుండీలు పెట్టుకుంటాండా."